భయపెట్టే పజిల్ గేమ్ మొదటిసారి ఆడేవారు ఎలా ఆడాలి?

సెలవులకు కర్నూలు చేరుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు, కొత్తగా ల్యాప్‌టాప్ కొనుక్కున్న ఉద్యోగులు, ఫోనులోనే ఆడుకునే ఇంటర్ పిల్లలు, అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు: "అన్నా, హారర్ పజిల్ గేమ్ ఒకటి ఎక్కించుకున్నాను, మొదటి గదిలోనే ఆగిపోయినాను, ఇది ఎట్ల ఆడల్ల?" క్రికెట్, కార్ల పందేలు, తుపాకుల ఆటలు అలవాటైనవారికి ఈ రకం ఆట వెంటనే పట్టుబడదు. ఇందులో చాలావరకు ఆయుధం ఉండదు. ఎటు వెళ్ళాలో చూపించే బాణం గుర్తు ఉండదు. చీకట్లో ఎక్కడో ఏదో కదులుతున్న చప్పుడు వస్తుంది, ఎదురుగా ఉన్న తలుపు మాత్రం తెరుచుకోదు. అందుకే అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు, మొత్తం పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ ఆటల్లో మిమ్మల్ని భయపెట్టేదీ, మీకు దారి చూపేదీ ఒకటే. 2017లో స్వీడన్‌కు చెందిన టార్సియర్ స్టూడియోస్ తయారుచేసిన లిటిల్ నైట్‌మేర్స్‌లో పొడవాటి చేతుల కాపలాదారు ఒకడు ఉంటాడు. అతనికి కళ్ళు కనబడవు. చప్పుడును బట్టే వెతుక్కుంటూ వస్తాడు. చెక్క నేల మీద అడుగు వేస్తే కిర్రుమంటుంది, తివాచీ మీద వేస్తే వినబడదు. భయం వేస్తోందని శబ్దం కట్టేసిన ఆటగాడికి ఏ నేల పలుకుతుందో, ఏది పలకదో తెలియదు. అతను పదే పదే పట్టుబడి, ఆట కష్టంగా ఉందని వదిలేస్తాడు. ఆట కష్టమైనది కాదు, అతను సూచనను తానే మూసేసుకున్నాడు. ఈ కింద చెప్పే మెట్లన్నీ శబ్దాన్ని, వెలుగును మూసేయకుండానే భయాన్ని తట్టుకునే హద్దులో ఉంచుకోవడానికి ఉద్దేశించినవే.

కావలసినవి

• ఆట. ఏది ఎంచుకోవాలో మొదటి మెట్టులో చెబుతాను.
• కంప్యూటర్, ల్యాప్‌టాప్ లేదా ఫోను. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా మొదలుపెట్టడానికి తగిన ఆటలు ఉన్నాయి.
• తీగ ఉన్న హెడ్‌ఫోన్లు, వీలైతే చెవిని పూర్తిగా కప్పేవి. బ్లూటూత్‌వి వద్దనడానికి కారణం నాలుగో మెట్టులో ఉంది.
• రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం, పెన్ను. ఫోనులో రాసుకుంటానంటే కుదరదు. ఫోను చేతికి తీసుకోగానే వాట్సాప్ తెరుచుకుంటుంది.
• ఎవరూ పిలవని ఒక గంట సమయం.
• ల్యాప్‌టాప్ అయితే పూర్తి చార్జింగ్, డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టర్ లేదా యూపీఎస్.

ఎవరు ఆడకూడదు? మెరిసే వెలుతురు వల్ల మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వీటి జోలికి వెళ్ళవద్దు. కొంతకాలంగా సరిగా నిద్రపట్టనివారు, ఇంట్లో ఈమధ్యే ఒక మరణం చూసినవారు కొన్ని నెలలు ఆగడం మంచిది. ఈ ఆటల్లో చాలావాటికి మృత్యువు, ఒంటరితనం, తప్పిపోయిన పిల్లలు కథావస్తువులు. చిన్నపిల్లల విషయంలో బొమ్మలను చూసి మోసపోకండి. లింబో, లిటిల్ నైట్‌మేర్స్ రెండింటిలోనూ మనం నడిపించేది ఒక చిన్న పాత్రనే, అయినా అవి చిన్నపిల్లల కోసం చేసినవి కావు. కొనే పేజీలో వయసు సూచన ఉంటుంది, అది చదివిన తర్వాతే తమ్ముడికో చెల్లెలికో ఇవ్వండి.

1. మీకు తగిన ఆటను ఎంచుకోండి

కొత్తవారు చేసే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ‘అన్నిటికన్నా భయంకరమైనది ఏది’ అని వెతికి దానితోనే మొదలుపెడతారు. మీరు వెతకవలసినది భయం తక్కువగా, పజిల్ ఎక్కువగా ఉన్న ఆట.

ఫోనులో ఆడేవారికి నేను మొదట చెప్పేది 2012లో ఇంగ్లండ్‌కు చెందిన ఫైర్‌ప్రూఫ్ గేమ్స్ విడుదల చేసిన ద రూమ్. ఇందులో ఒక చీకటి గది, ఒక వింత పెట్టె, దాని మీద తాళాలు, మీటలు, రహస్య అరలు ఉంటాయి. మిమ్మల్ని ఎవరూ తరమరు, మీరు చనిపోరు. అయినా వెనక ఎవరో ఉన్నారన్న అనుమానం చివరిదాకా వదలదు. చాలాసేపు ఆగిపోతే ఆటే మెల్లగా ఒక్కొక్క సూచన ఇస్తుంది. డబ్బు పెట్టకుండా చూద్దామనుకునేవారికి ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన రస్టీ లేక్ వారి క్యూబ్ ఎస్కేప్ ఆటలు ఉన్నాయి. చిన్నవి, వేలితో తాకుతూ ఆడవచ్చు, అక్కడక్కడ ఉలిక్కిపడే బొమ్మలు మాత్రం వస్తాయి.

కంప్యూటర్ ఉన్నవారు డెన్మార్క్‌లోని ప్లేడెడ్ 2010లో విడుదల చేసిన లింబోతో మొదలుపెట్టవచ్చు. నలుపు తెలుపుల్లో, పక్కకు మాత్రమే నడిచే ఆట ఇది; ఒక్క మాట కూడా ఉండదు కాబట్టి ఇంగ్లీషు రాదన్న బెంగ అక్కరలేదు; పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. లిటిల్ నైట్‌మేర్స్ దాని తర్వాత ఆడదగినది.

స్వీడన్‌కే చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో విడుదల చేసిన అమ్నీషియా: ద డార్క్ డిసెంట్ చాలా గొప్ప ఆట, నాకెంతో ఇష్టమైనది కూడా. కాని మొదటి ఆటగా దాన్ని తీసుకోవద్దని బతిమాలుతున్నాను. పాత్ర కళ్ళతోనే లోకాన్ని చూసే ఆట కావడం వల్ల భయం నేరుగా మీద పడుతుంది, కొత్తవారికి కళ్ళు తిరగవచ్చు కూడా.

2. కొనే ముందు, ఎక్కించే ముందు చూసుకోండి

కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే, కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే డబ్బు తిరిగి వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: ఆటను తెరిచి ఉంచి అన్నం తినడానికి వెళితే ఆ సమయం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే మొదటి రోజు ఆట మూసేసి లేవండి.

రోజువారీ మొబైల్ డేటా మీద ఆధారపడేవారు ఆట పరిమాణం ముందే చూసుకోవాలి. లింబో చాలా చిన్నది. లిటిల్ నైట్‌మేర్స్‌కు సుమారు 10 జీబీ ఖాళీ కావాలి. స్టీమ్‌లో డౌన్‌లోడ్ మధ్యలో ఆపి, మర్నాడు అక్కడి నుంచే కొనసాగించుకోవచ్చు. ఉచితంగా ఇస్తామనే తెలియని సైట్ల నుంచి మాత్రం దించుకోవద్దు. వాటితో పాటు ఏం లోపలికి వస్తుందో ఎవరూ చెప్పలేరు, పైగా ఆట మధ్యలో ఆగిపోతే తప్పు మీదో ఫైలుదో తేల్చుకోలేరు.

3. వేళను, గదిని కుదుర్చుకోండి

చీకటి గదిలో ఆడాలని ఈ ఆటలు తయారుచేసినవారే చెబుతుంటారు. మన ఇళ్ళలో అది రాత్రి భోజనాలు అయ్యాకనే వీలవుతుంది. కాని మొదటి రెండు మూడు సార్లు పగలే, కిటికీ తెరలు దించి ఆడటం నా సలహా. భయం ఎక్కువైతే తెర పక్కకు లాగితే చాలు, ఎండ లోపలికి వస్తుంది. శబ్దాన్ని తగ్గించుకోవడం కన్నా ఇది మేలైన ఉపాయం, ఎందుకంటే సూచన ఏదీ పోదు.

ఇంట్లోవారికి ముందే చెప్పండి. మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కసారి అరిస్తే, హాల్లో పడుకున్న అవ్వకు ఏం జరిగిందో తెలియక గుండె దడ పుడుతుంది. తలుపు గడియ పెట్టుకోవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడితే గాలి రంధ్రాలు మూసుకుపోయి, యంత్రం వేడెక్కి, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. పరుగెత్తవలసిన చోట ఇలా జరిగితే మీరు సరిగానే ఆడినా చనిపోతారు. గట్టి బల్ల మీద పెట్టండి, సెట్టింగులలో ఫ్రేమ్ రేటుకు (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారాలన్న లెక్కకు) 60 అని, పాత యంత్రమైతే 30 అని హద్దు పెట్టండి.

4. తెరను, శబ్దాన్ని సరిచేయండి

చాలా ఆటలు మొదట్లోనే ఒక మసక గుర్తును చూపించి, అది ‘కనీకనబడనట్టు’ ఉండేదాకా వెలుగును సవరించమంటాయి. చెప్పినట్టే చేయండి. గుర్తు స్పష్టంగా కనబడేదాకా పెంచితే నలుపు బూడిదరంగుగా మారిపోతుంది. అప్పుడు దీపం వెలిగిన మూలకూ, వెలగని మూలకూ తేడా తెలియదు. ఈ ఆటల్లో వెలుగు పడినచోట తప్పకుండా ఏదో ఉంటుంది కాబట్టి ఆ తేడాను చెరిపేసుకోవడం చేజేతులా దారి పోగొట్టుకోవడమే. ఫోనులో అయితే ఆటోమేటిక్ బ్రైట్‌నెస్, కళ్ళకు హాయినిచ్చే పసుపు రంగు ఫిల్టర్, రెండూ ఆపేయండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం తెర కన్నా కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది. పాటలకు అది తెలియదు, కాని అడుగుల చప్పుడు విని తలుపు చాటుకు దూరవలసిన చోట ఆ ఆలస్యమే మిమ్మల్ని పట్టిస్తుంది. తీగ ఉన్నవాటిని తగిలించిన తర్వాత ఎడమ, కుడి సరిగా ఉన్నాయో లేదో పరీక్షించండి: ఆటలో ఏదైనా శబ్దం చేసే వస్తువు దగ్గర నిలబడి, అటూ ఇటూ తిరిగి చూడండి. చప్పుడు ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారకపోతే, ఫోను లేదా కంప్యూటర్ సెట్టింగులలో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దం పంపేది) అన్నది ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి. లింబో వంటి పక్క నుంచి చూసే ఆటల్లో ఈ తేడా తక్కువగా, పాత్ర కళ్ళతో చూసే ఆటల్లో చాలా ఎక్కువగా తెలుస్తుంది.

వేసవిలో ఫ్యాను ఆపమని ఎవరికీ చెప్పలేను. చెవిని కప్పే హెడ్‌ఫోన్లు అడిగింది అందుకే. పాత్ర అడుగుల చప్పుడు తేలికగా వినబడేంత శబ్దం చాలు, అంతకు మించి పెంచకండి; ఉలిక్కిపడే ఘట్టంలో వచ్చే పెద్ద చప్పుడు మామూలు శబ్దం కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది.

పాత్ర కళ్ళతో చూసే ఆట అయితే సెట్టింగులలో మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ అలుక్కుపోవడం), హెడ్ బాబ్ (నడిచేటప్పుడు చూపు ఊగడం) ఆపి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెరలో కనబడే వెడల్పు) కొంచెం పెంచండి. తల తిరగడం మొదలవగానే ఆపేయాలి. ఓర్చుకుంటే అలవాటవుతుందనుకోవడం పొరపాటు. వాంతి దాకా వెళితే మర్నాడు ఆ ఆట పేరు వింటేనే కడుపులో తిప్పుతుంది.

5. చేతికి అలవాటు చేసుకోండి

ప్రమాదం లేని మొదటి గదిలోనే నడక, పరుగు, వంగడం, పట్టుకోవడం, లాగడం, వదలడం అన్నీ తెర చూడకుండా వేళ్ళకు వచ్చేదాకా చేయండి. లిటిల్ నైట్‌మేర్స్‌లో వస్తువును పట్టుకుని ఉండటానికి బటన్ నొక్కే ఉంచాలి. ఇది తెలియక నిచ్చెన మీంచి పడిపోయేవారు ఎక్కువ. ఆ ఆటలో లోతు కూడా ఉంటుంది కాబట్టి సన్నని దూలం మీద నడిచేటప్పుడు ముందుకు, వెనక్కు ఎంత జరిగారో మీ నీడను చూసి తేల్చుకోండి.

6. గదిని చదవండి

అసలు ఆట ఇక్కడ మొదలవుతుంది. కొత్త చోటుకు చేరగానే కొత్తవారు చేసే పని పరుగెత్తి, కనబడిన ప్రతి వస్తువును లాగడం. మీరు అలా చేయవద్దు. కర్నూలు నుంచి బెలుం గుహలకు వెళ్ళి, దీపాల వెలుగు సరిగా అందని పాయ ముందు నిలబడినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది: ఎండలోంచి దిగిన కళ్ళకు ముందు ఏమీ కనబడదు, కాసేపు కదలకుండా నిలబడితే రాతి అంచులు ఒక్కొక్కటిగా తేలుతాయి. ఇక్కడా అంతే, అరనిమిషం చేతులు తీసేసి నిలబడండి.

ఆ అరనిమిషంలో మూడు సంగతులు పట్టుకోవాలి. ఒకటి, చప్పుడు: ఏది నిలకడగా వస్తోంది, ఏది వచ్చి పోతోంది? నీటి చుక్క, గాలి, యంత్రం నిలకడగా వస్తాయి. అడుగులు, ఊపిరి, గొలుసు చప్పుడు వచ్చి పోతాయి. వచ్చి పోయేదానికి ఒక లయ ఉంటే, ఆ లయే మీరు దాటవలసిన సమయం. రెండు, వెలుగు: దీపం ఎక్కడ ఉంది, అది దేని మీద పడుతోంది? తయారుచేసినవారు ఊరికే దీపం పెట్టరు. మూడు, అడ్డు: మీరు వెళ్ళవలసిన దారిని ఆపుతున్నది సరిగ్గా ఏమిటి? ‘తలుపు తెరుచుకోదు’ అనుకుంటే చాలదు. తాళం ఉందా, గడియ అందనంత ఎత్తులో ఉందా, కరెంటు లేదా, అవతల ఎవరైనా ఉన్నారా? అడ్డు పేరు సరిగా చెప్పగలిగితే పజిల్ సగం విడిపోయినట్టే.

నోటుపుస్తకంలో గది బొమ్మ గీయండి. అందంగా ఉండనక్కరలేదు, ఒక చతురస్రం, తలుపులు, కదిలే వస్తువులు, అంకెలు లేదా గుర్తులు కనబడిన చోట్లు ఉంటే చాలు. గోడ మీద కనబడిన బొమ్మ ఇప్పుడు పనికిరాదనిపించినా వేసుకోండి. రస్టీ లేక్ వారి ఆటల్లో ఒక గోడ మీద చూసింది ఇంకో గోడ దగ్గర అవసరమవుతుంది.

7. పజిల్‌ను తలుపు దగ్గర నుంచి వెనక్కి విప్పండి

చేతిలో ఉన్న వస్తువును తీసుకుని ‘దీనితో ఏం చేయాలి’ అని తిరగకండి. తలుపు దగ్గర నిలబడి ‘ఇది తెరవాలంటే దీనికి ముందు ఏం జరిగి ఉండాలి’ అని అడగండి. గడియ ఎత్తులో ఉంటే ఎక్కడానికి ఏదో కావాలి; ఎక్కడానికి పెట్టె ఉంది, అది ఇంకో గదిలో ఉంది; ఆ గదికీ ఈ గదికీ మధ్య వాలు ఉంది, కాబట్టి పెట్టెను తోయాలి గాని ఎత్తకూడదు. ఇలా వెనక్కి వెళితే చివరికి మీరు ఇప్పుడే చేయగలిగిన ఒక చిన్న పని తేలుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మీటలు ఒకేసారి లాగి చూస్తే ఏ మీట ఏం చేసిందో మీకు తెలియదు. లాగిన తర్వాత మళ్ళీ ఆగి వినండి. దూరంగా ఎక్కడో ఇనుము కదిలిన చప్పుడు వస్తే, అది ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపే మీ తర్వాతి దారి.

భయపెట్టిన వస్తువును మరచిపోకండి. ఇది ఈ రకం ఆటల్లో నాకు అన్నిటికన్నా నచ్చే లక్షణం. లింబోలో మొదట్లో గడ్డిలో దాగి మిమ్మల్ని చంపే ఇనుప బోను కాసేపటి తర్వాత పెద్ద సాలీడు కాలి కింద పెట్టవలసిన ఉచ్చు అవుతుంది. ఈ ఒక్క రహస్యం ముందే చెప్పేస్తున్నందుకు మన్నించండి; ఈ ఆలోచన మనసుకు ఎక్కితే మిగిలిన ఆటంతా మీరే విప్పుకోగలరు. ఏది మిమ్మల్ని చంపిందో అది ఎలా పనిచేస్తుందో మీకు అప్పటికే తెలుసు.

8. తరిమే ఘట్టాలు

దాక్కునే చోటును పరుగు మొదలుపెట్టక ముందే చూసుకోవాలి. తరుముతున్నప్పుడు వెనక్కి తిరిగి చూడకండి. అమ్నీషియాలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ ఆటలో రాక్షసుణ్ణి చూస్తూ ఉంటేనే పాత్ర మతి చెడుతుంది, చీకట్లో ఎక్కువసేపు ఉన్నా చెడుతుంది. పజిల్ విప్పి ముందుకు సాగితే మళ్ళీ కుదుటపడుతుంది. అదే ఆటలో నీళ్ళు నిండిన నేలమాళిగ ఒకటి ఉంది. అక్కడ వెంటపడేది కంటికి కనబడదు, నీటిలో పడే అడుగుల జల్లు మాత్రమే కనబడుతుంది. పెట్టెల మీదకు ఎక్కి నిలబడితే అది అందుకోలేదు. అడ్డదిడ్డంగా పరుగెత్తినవారు తప్పక చిక్కుతారు, పెట్టె నుంచి పెట్టెకు దూరం లెక్కపెట్టుకుని, ఏదైనా వస్తువును దూరంగా విసిరి దాన్ని మళ్ళించినవారు దాటుతారు.

9. చనిపోయినప్పుడు

చనిపోవడం ఇందులో ఓటమి కాదు. లింబోలో మీరు లెక్కలేనన్ని సార్లు చనిపోతారు, ప్రతిసారీ కొన్ని అడుగుల వెనక నుంచే మళ్ళీ మొదలవుతుంది. వెంటనే బటన్ నొక్కకుండా ఒక్క ఊపిరి తీసుకుని ‘నన్ను చంపింది ఏమిటి, అది రాబోతోందని ఆట ముందుగా ఎలా చెప్పింది’ అని అడగండి. ఒక చప్పుడో, నేల రంగులో తేడానో, వేలాడుతున్న తాడో తప్పక ఉంటుంది.

10. ఎంతకూ కదలకపోతే

చాలామంది ఇక్కడ నేరుగా యూట్యూబ్ తెరిచి మొత్తం వీడియో చూసేస్తారు. మొదట గీసిన బొమ్మలో ఇంకా తాకని చోటు ఉందేమో చూడండి. తర్వాత వచ్చిన దారిలో ఒక గది వెనక్కి వెళ్ళండి. కావలసినది చాలాసార్లు అక్కడే ఉంటుంది. అప్పటికీ తేలకపోతే ఆట మూసి, భోజనం చేసి, లేదా పడుకుని లేచి రండి. ఇది కాలయాపన కాదు, అలసిన కళ్ళు ఒకే తప్పును మళ్ళీ మళ్ళీ చేస్తాయి. ఆ తర్వాత కూడా తెలియకపోతే, అప్పటికే ఆడిన స్నేహితుణ్ణి ‘నేను సరైన గదిలోనే ఉన్నానా’ అని మాత్రం అడగండి. సమాధానం అడగకండి, అతను చెప్పబోయినా ఆపండి. వీడియో చూడక తప్పదనుకుంటే మీరు ఉన్న ఘట్టం వరకే చూసి, ఆ ఒక్క పని చేసి, వీడియో మూసేయండి.

ఇంకో మార్గం ఉంది: అన్నాచెల్లెళ్ళు ఇద్దరు కలిసి కూర్చుని ఒకరు ఆడుతూ, ఒకరు నోటుపుస్తకం పట్టుకోవడం. భయం సగమవుతుంది, కళ్ళు రెట్టింపవుతాయి. అయితే నలుగురైదుగురు చేరితే అరుపులే మిగులుతాయి, ఎవరికీ ఏ చప్పుడూ వినబడదు.

11. ఆపడం

గంట కాగానే, లేదా ఒక పజిల్ విడిపోగానే ఆపండి. చిక్కుముడి మధ్యలో ఆపితే నిద్రలో అదే తిరుగుతుంది. ఈ ఆటల్లో ఎక్కువభాగం తమంతట తామే సేవ్ అవుతాయి గాని, సేవ్ గుర్తు తెర మూలలో తిరిగి మాయమయ్యేదాకా ఆగాలి. ఆ క్షణంలో కరెంటు పోతే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. అమ్నీషియాలో మెనూ నుంచి సేవ్ చేసి బయటికి వచ్చే వీలుంది, దాన్నే వాడండి. ఆపిన తర్వాత వెంటనే పడుకోకుండా కాసేపు మిద్దె మీద నడవండి, ఇంట్లోవారితో మాట్లాడండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

వెలుగు పూర్తిగా పెంచడం, శబ్దం కట్టేయడం గురించి చెప్పాను. వీటి తర్వాత ఎక్కువగా కనబడేది, ఆట మొదలుపెట్టక ముందే ఎవరో అరుస్తూ ఆడిన వీడియో చూడటం. అందులో వారి భయం చూస్తారు, మీ ఆట పోగొట్టుకుంటారు. తర్వాతిది, ఉత్తరాలు, డైరీలు దొరికితే చదవకుండా దాటేయడం. ఇంగ్లీషు కష్టంగా ఉంటే నెమ్మదిగా చదవండి, తెలియని మాటను రాసుకోండి. తాళం అంకె ఆ కాగితంలోనే ఉండవచ్చు. దొరికిన దీపం నూనె, అగ్గిపెట్టెలు చివరికి పనికొస్తాయని దాచుకుని చీకట్లో తడుముకోవడం ఇంకొకటి. అమ్నీషియా ఆడేవారిలో ఇది చాలా ఎక్కువ. అలాగని ప్రతి దీపం వెలిగించనూ వద్దు. పజిల్ ఉన్న గదిలో వెలిగించండి, నడిచి దాటే వసారాలో వద్దు.

ఒకే పని పదిసార్లు చేసి, పదకొండోసారి ఫలిస్తుందనుకోవడం కూడా పొరపాటే. మూడుసార్లు ఒకే చోట, ఒకే కారణంతో చనిపోతే మీ చేతి వేగం సమస్య కాదు, మీ ఆలోచనే తప్పు. ఆరో మెట్టుకు తిరిగి వెళ్ళండి.

సరిగా ఆడుతున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి

ఆట ఆపిన తర్వాత, ఆడనివారు ఎవరైనా ఇంట్లో ఉంటే ఆ రోజు విప్పిన పజిల్‌ను వారికి వివరించండి. ‘మీట లాగాను, తలుపు తెరుచుకుంది’ అని మాత్రమే చెప్పగలిగితే మీరు అదృష్టవశాత్తూ దాటారు. ‘యంత్రం ఆగినప్పుడే మీట కదులుతుందని చప్పుడును బట్టి తెలిసింది, అందుకే ఆగేదాకా నిలబడ్డాను’ అని చెప్పగలిగితే మీరు నిజంగా విప్పారు. మర్నాడు పొద్దున నోటుపుస్తకం చూడకుండా గది బొమ్మను మళ్ళీ గీయండి. తలుపులు, ముఖ్యమైన వస్తువులు సరిగా వస్తే మీ చూపు కుదురుకున్నట్టు.

భయం సంగతి కూడా చూసుకోవాలి. ఆడుతున్నప్పుడు గుండె వేగంగా కొట్టుకోవడం మామూలే. ఆపిన అరగంటకు అది తగ్గాలి, ఆ రాత్రి నిద్ర పట్టాలి. వరుసగా రెండు రాత్రులు నిద్ర చెడితే వారం రోజులు ఆపి, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ద రూమ్ వంటి తేలికైన ఆటకు దిగండి. అసలు ఏ భయమూ కలగకపోతే అది గొప్పతనం అనుకోకండి. ముందు హెడ్‌ఫోన్లు, వెలుగు సరిగా ఉన్నాయో లేదో చూడండి, నూటికి తొంభైమంది విషయంలో కారణం అక్కడే దొరుకుతుంది.

లింబో పూర్తిచేసి, ఇవన్నీ కుదిరాయనుకున్నవారు అదే ప్లేడెడ్ 2016లో విడుదల చేసిన ఇన్‌సైడ్ ఆడవచ్చు. ఆ తర్వాత అమ్నీషియా. పాత్ర కళ్ళతో చూసే ఆట ఆడాలని ఉంది గాని తరిమేవాటిని తట్టుకోలేమనేవారికి ఫ్రిక్షనల్ గేమ్స్ వారి సోమా తగినది. 2015లో వచ్చిన ఆ ఆటకు 2017లో సేఫ్ మోడ్ చేర్చారు, అందులో రాక్షసులు ఎదురుపడతాయి గాని మిమ్మల్ని చంపవు. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే ఆ మోడ్‌ను ఎంచుకోవాలి. డిస్కులో సుమారు 25 జీబీ ఖాళీ అవసరం కాబట్టి మొబైల్ డేటాతో నెట్టుకొచ్చేవారు దాన్ని నాలుగైదు రాత్రులుగా దించుకోవడానికి ముందే సిద్ధపడండి.